దాహం జీన్

మొక్కల మీద డాక్టరేట్ పుచ్చుకున్న మేధావి ఒకడు, జన్మలో మొదటిసారి మొక్కను ముట్టుకున్న రోజునే దాన్ని పాడుచేశాడు. ఈ ప్రేమ కథ అక్కడ మొదలైంది. ఇంతకంటే గొప్ప ఆరంభం అతని మొహానికి ఎక్కడ దొరుకుతుంది లెండి.

ముందు అతని ఘనత చెప్పాలి. అతను కంప్యూటేషనల్ బయాలజిస్టు. మొక్కలో ఉండే పాతిక వేల జన్యువుల్లో ఏది ఎప్పుడు మేలుకుంటుంది, మేలుకున్నది ఇంకెవరిని తట్టి లేపుతుంది, ఎవరు ఎవరి నోరు నొక్కుతారు, ఇదంతా మూడో అంతస్తు ఏసీ గదిలో రెండు స్క్రీన్ల ముందు కూర్చుని లెక్కలు కట్టే మనిషి. ఆ లెక్కలకు కావలసిన మొక్కలు అదే బిల్డింగు బేస్‌మెంట్‌లో పెరుగుతున్నాయన్న సంగతి, ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలిసినంత మాత్రమే తెలుసు.

ఆ రోజు ఒక శాంపిల్ లెక్కకు లొంగలేదు. మేధావి లెక్క తప్పే ప్రసక్తే లేదు కదా, తప్పు కింద వాళ్ళదే అయ్యుండాలి. నిలదీద్దామని దిగి వచ్చాడు.

గ్రోత్ రూమ్‌కు కిటికీలు లేవు. తెల్లటి లైట్ల కింద ట్రేల నిండా చిన్న చిన్న కుండీలు, ఒక్కో కుండీలో ఆవ మొక్కకు దూరపు బంధువైన ఓ పిచ్చి మొక్క. మధ్యలో తెల్లకోటు చేతులు మడిచి, జుట్టు క్లిప్పుతో బిగించి, కత్తెర పట్టుకుని ఒక అమ్మాయి. ఆమె కూడా పరిశోధకురాలే. మొక్కలు పెంచడం, ఆకులు కోయడం, అందులోని జన్యువుల్ని బయటికి తీయడం ఆమె పని. ల్యాబులో అందరూ ఆమెను 'కత్తెర' అంటారు. చేతిలో ఉన్న దాన్ని చూసి అంటారో, నోట్లో ఉన్న దాన్ని చూసి అంటారో ఎవరూ పైకి చెప్పరు.

"మీరు పంపిన శాంపిల్ తేడాగా ఉందండీ. మీరు ట్యూబులు తారుమారు చేసినట్టున్నారు..." అని మొదలుపెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ, చెయ్యి ఊరుకోక పక్కన కుండీలోంచి ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలపసాగాడు.

"ఏం చేశారు మీరు?" అంది ఆమె.

"ఏం చేశాను?"

"చేతిలో ఏంటది?"

చూసుకున్నాడు. "ఆకు."

"ఎవర్నడిగి తుంచారు?"

"ఒక్క ఆకే కదండీ. మళ్ళీ వస్తుందిలెండి."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. అది మంచి శకునం కాదని అతనికి తెలియదు.

"మీ థీసిస్ దేని మీదండీ?"

"గాయమైనప్పుడు మొక్కలో ఏ జీన్స్ లేస్తాయా అని..." అంటూ నీళ్ళు నమిలాడు.

"మరి ఇప్పుడు ఇందులో ఎన్ని లేచుంటాయి?"

"వందలకొద్దీ."

"ఆ ఒక్క ఆకులోనేనా?"

"కాదు. మొక్కంతా."

"అబ్బ, ఎంత చక్కగా చెప్పారండీ! కాబట్టి ఈ మొక్క నా ఎక్స్‌పెరిమెంట్‌కి పనికిరాదు. మీరూ పనికిరారు. ఇద్దరూ బయల్దేరండి." కుండీ తీసి అతని చేతుల్లో పెట్టింది.

తలుపు మూసుకుంది. కుండీ పట్టుకుని మెట్లెక్కుతూ అతను ఆమె తిట్లను నెమరేసుకున్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదని ఒళ్ళు మండింది. ఆ క్లిప్పు లోంచి జారిన జుట్టు మాత్రం బాగుందనిపించింది. అలా అనిపించినందుకు ఇంకాస్త మండింది.

* * *

అతను ఉండేది అక్క ఇంట్లో. అక్క పళ్ళ డాక్టరు. ముందు గదిలో క్లినిక్కు, వెనక ఇల్లు, పైన తమ్ముడికి ఒక గది. రోజంతా నోరు తెరుచుకుని కూర్చున్న వాళ్ళతో మాట్లాడే వృత్తి కాబట్టి, ఎదురు సమాధానం వినే అలవాటు ఆవిడకు ఎప్పుడో పోయింది.

"ఏంట్రా ఇది?" అంది కుండీ చూసి.

"మొక్క."

"అది తెలుస్తోంది. నీ దగ్గరెందుకుంది? పాపం ఏం పాపం చేసింది?"

జరిగింది చెప్పాడు. అక్క పడీ పడీ నవ్వి, "ఎవరో గానీ తెలివైన పిల్లే. సరే, అడ్డం పోరా, పేషెంట్ వచ్చాడు" అంది. 'పోరా' అన్నది ఆ ఇంట్లో అతని రెండో పేరు.

మొక్క పైకి చేరింది. వారం తిరక్కుండానే ఆకులు పసుపెక్కాయి. మేధావికి అంతకంటే మంచి వంక ఏముంటుంది? కుండీ పట్టుకుని మళ్ళీ బేస్‌మెంట్‌కు దిగాడు.

మిగతా రోజుల్లో ఆమె పాఠాలు చెప్పుకుంటూ ఎక్కడెక్కడో ఉండేది. గ్రోత్ రూమ్‌లో నిలకడగా దొరికేది కోత రోజుల్లోనే. కోత అంటే ఇదీ: ఒక ట్రేకు నీళ్ళు పోస్తారు, ఇంకో ట్రేను ఎండబెడతారు. కోత రోజు పొద్దున్నే ముందు నీళ్ళు తాగిన మొక్కల ఆకులు, వెంటనే దాహంతో ఉన్న మొక్కల ఆకులు కోసి, లిక్విడ్ నైట్రోజన్‌లో పడేస్తారు. క్షణంలో గడ్డకడతాయి. ఆ క్షణానికి ఏ జన్యువు మేలుకుని ఉందో, ఏది నిద్రపోతోందో అలాగే చిక్కిపోతుంది. తర్వాత రెండింటినీ పోలిస్తే, దాహానికి లేచిన జన్యువులేవో బయటపడతాయి.

మేధావి నిద్ర లేచి, రెండు చొక్కాలు మార్చి, కుండీ పట్టుకుని వచ్చేసరికి మొదటి ట్రే కోత అయిపోయేది.

"ఆకులు పసుపెక్కాయండీ."

"నీళ్ళు ఎన్నిసార్లు పోస్తున్నారు?"

"గుర్తొచ్చినప్పుడల్లా."

"అంటే?"

"చాలాసార్లే గుర్తొస్తోందండీ" అన్నాడు, కుండీ వైపు చూడకుండా.

ఆమె వేలితో మట్టి గుచ్చి చూసింది. వేలు సగం దాకా దిగింది. "దాహం మీద రీసెర్చ్ చేస్తూ మొక్కని ముంచి చంపుతున్నారే! మీకు ఫెలోషిప్ ఎవరిచ్చారండీ బాబూ?"

"మెరిట్ మీద వచ్చింది."

"ఎవరి మెరిట్?"

"చూడండి, మీలా ఒక్కో ఆకు కోసుకుంటూ కూర్చుంటే ఏ జీన్ ఏం చేస్తుందో ఈ జన్మలో తేలదు. నా కంప్యూటర్ మోడల్ ఒక్క పూటలో తేలుస్తుంది."

"మీ మోడల్‌కి నా ఆకులే గతి. నేను కోయకపోతే ఏం లెక్కేస్తారు, గోడ మీద బల్లుల్నా?"

ఇలా ఉండేవి సంభాషణలు. ప్రపంచానికి వీటివల్ల ఒరిగింది శూన్యం. కానీ వాదన ఒకసారి మొదలైతే ఎవరూ తగ్గేవారు కాదు. ఆమె చేతిలో కత్తెర అలాగే ఉండిపోయేది. ఒక్కోసారి తిడుతూ తిడుతూ ఆమెకే నవ్వొచ్చేది, ఆ నవ్వు దాచుకోవడానికి ట్రే వైపు తిరిగేది. అతను దాన్ని చూడనట్టు నటించేవాడు, అది కూడా చేతకాకుండా. కిటికీల్లేని గదిలో బయట వానో ఎండో, పొద్దునో మధ్యాహ్నమో ఎవరికి తెలుస్తుంది?

మరుసటి కోత రోజుకు ఇంకో వంక. ఆ తర్వాత మరొకటి.

* * *

ఆ ఆకుల లెక్కల్లోంచే అతని అదృష్టం పండింది. పేరు లేని జన్యువు ఒకటి, ఎవరూ పట్టించుకోనిది, నీళ్ళు తాగిన మొక్కల్లో గుర్రుపెట్టి నిద్రపోతోంది, దాహంతో ఉన్న మొక్కల్లో దీపంలా వెలుగుతోంది. ఒక్క కోతలో కాదు, అన్ని కోతల్లోనూ! కనిపెట్టినవాడే పేరు పెట్టుకోవడం ఆ శాస్త్రంలో ఆనవాయితీ. మేధావి వెంటనే 'దాహం జీన్' అని నామకరణం చేసేశాడు.

ఇంకో విచిత్రం కూడా కనిపించింది. మొక్కల్లో పొద్దు తెలుసుకునే జన్యువులు కొన్ని ఉంటాయి, వాటిని గడియారం జన్యువులంటారు. అవి కూడా దాహం జీన్‌తో పాటే లేస్తున్నాయి. ఏ బడిపిల్లాడైనా అక్కడ ఆగి తల గోక్కునేవాడు. ఇతను ఆగలేదు. 'దాహానికీ గడియారానికీ మధ్య సరికొత్త సంబంధం' అని ఇంకో స్లైడు తయారుచేశాడు. మూర్ఖత్వానికి కూడా డిజైన్ బాగా కుదిరింది.

ప్రొఫెసర్ పొంగిపోయాడు. "బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. సెమినార్ ఇవ్వు. అది బాగా జరిగితే నీ ఫెలోషిప్ పొడిగింపు ఖాయం" అన్నాడు. పొడిగింపు లేకపోతే పెట్టే బేడా సర్దుకుని ఇంకో ఊరు చూసుకోవలసిందే. ఇంకో ఊళ్ళో ఉద్యోగం దొరకవచ్చు. ఆ బేస్‌మెంట్ మాత్రం దొరకదు.

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, నిజమో కాదో తేలకముందే పేరేంట్రా దానికి?" అంది అక్క. "ఇంతకీ ఆ అమ్మాయికి చెప్పావా?"

"దాహం జీన్ గురించా?"

"నీ మొహం గురించి. పోరా!"

చెప్పనక్కర్లేకుండా ఆ అమ్మాయే పైకి వచ్చింది, మూడో అంతస్తుకు మొదటిసారి. స్లైడ్లు చూసింది. గడియారం జన్యువుల దగ్గర ఆగిపోయింది. మొహంలో రంగు మారింది.

"ఎలా ఉంది?" అన్నాడు కాలరు సర్దుకుంటూ.

"సెమినార్ ఎప్పుడు?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది. మెచ్చుకోవడానికి మొహమాటపడిందని అతను సంతోషించాడు.

* * *

సెమినార్‌కు ముందురోజు సాయంత్రం వాన. పద్ధతిగా పడే వాన కాదు. ఒక నిమిషం ఆగి, మనుషులు రోడ్డెక్కగానే మళ్ళీ మొదలయ్యే దొంగ వాన. సైకిల్ స్టాండు రేకుల కింద మేధావి గొడుగు విప్పలేక అవస్థపడుతుంటే ఆమె వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ దాహం జీన్, దాహం జీన్ కాదు."

"అంటే?"

"నీళ్ళు కడుపునిండా పోసిన మొక్కల్ని పొద్దున కోశాను, మధ్యాహ్నం కోశాను. పొద్దున పడుకునుంది. మధ్యాహ్నం లేచి కూర్చుంది. దాహంతో దానికి పనే లేదు. రోజూ మధ్యాహ్నం లేచే జీన్ అది."

"కుదరదండీ. మన రెండు ట్రేలూ పొద్దున్నే కదా కోసేది?"

రేకుల మీద వాన చప్పుడు పెరిగింది.

"కోయాల్సింది" అంది చివరికి. "మొదటి ట్రే పొద్దున కోశాను. రెండోది, మీరు వెళ్ళాక."

"ఒకసారి లేటైనంత మాత్రాన..."

"ప్రతిసారీ మీరొచ్చారు. ప్రతిసారీ మధ్యాహ్నమైంది."

అర్థమైంది. అయినా మనిషి ముందు చేసేది ఒప్పుకోవడం కాదు కదా. "అంటే తప్పు మీదన్నమాట!" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇలాంటి వాళ్ళ కోసమే పుట్టింది.

"నాదే. ప్రొఫెసర్‌తో చెప్పేస్తాను."

"చెప్తే నా పొడిగింపు?"

"పోవచ్చు."

అతను గొడుగు వైపు చూస్తూ గొణిగాడు. "రేపొక్క రోజు ఆగలేరా? ఎల్లుండి చెప్పొచ్చుగా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు ముందు పాత తిట్లన్నీ ముద్దు మాటలే.

"ఇన్నాళ్ళూ మీకు తెలివి లేదనుకున్నాను. నిజాయితీ కూడా లేదన్నమాట. సెమినార్ మీది, నోరూ మీది. మీరు చెప్పకపోతే నేను లేచి చెప్తాను." గొడుగైనా లేకుండా వానలోకి నడిచి వెళ్ళిపోయింది.

అతను తడుస్తూ ఇల్లు చేరాడు. గొడుగు విప్పుకున్నా తడిసేవాడే, అది వేరే సంగతి. పైకెళ్ళి, మోడల్‌లోంచి దాహాన్ని తీసేసి పొద్దునా మధ్యాహ్నమా అన్నది పెట్టి చూశాడు. ఇన్నాళ్ళూ లొంగని శాంపిళ్ళు కూడా బుద్ధిగా వచ్చి వరసలో నిలబడ్డాయి.

కిందికి వచ్చి, పేషెంట్లు వెళ్ళిపోయాక ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. అక్క చేతులు కడుక్కుంటూ అంతా విన్నది.

"మధ్యాహ్నం దాకా దేని గురించి మాట్లాడేవాడివిరా?"

"మొక్క గురించి."

"మొక్క చచ్చి నెల దాటింది కదరా!"

అక్క తువ్వాలు పక్కన పడేసి ఎదురుగా వచ్చి నిలబడింది. నవ్వలేదు.

"రేపు నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుందక్కా."

"ఉంటే ఏం చేస్తావు?"

"ఇక్కడే ఉంటా. రోజూ బేస్‌మెంట్‌కి..."

"వెళ్తే ఆ పిల్ల నీ మొహం చూస్తుందా?"

చూడదు. ఆ మాట పైకి అనలేక కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం పోయినా ఫరవాలేదు గానీ, సైకిల్ స్టాండులో ఆ చూపు చూసిన మనిషి మళ్ళీ అలాగే చూస్తే మాత్రం తట్టుకోలేననిపించింది. అతని జీవితంలో తోచిన తెలివైన ఆలోచన అదొక్కటే.

"లేవరా, కుర్చీ తుడవాలి. పో, పోయి పడుకో" అంది అక్క, కాస్త మెత్తగా.

* * *

హాలు నిండింది. ముందు వరసలో ప్రొఫెసర్, పక్కన బయటి నుంచి వచ్చిన పెద్దావిడ. నెరిసిన జుట్టు, ముక్కు చివరన కళ్ళజోడు. మొక్కల శాస్త్రంలో ఆవిడ పేరు చెబితే కుర్రవాళ్ళు సర్దుకు కూర్చుంటారు. వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, కత్తెర.

మేధావి దాహం జీన్ స్లైడు వేశాడు. గొంతు సర్దుకున్నాడు.

"ఇది తప్పండీ" అన్నాడు.

ప్రొఫెసర్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, లోపలికి వెళ్ళే దారి తెలియక. మేధావి మొత్తం చెప్పాడు. నీళ్ళ ట్రే పొద్దున, దాహం ట్రే మధ్యాహ్నం. లేచింది దాహానికి కాదు, మధ్యాహ్నపు పొద్దుకు. గడియారం జన్యువులు ఆ మాటే అరిచి చెప్పినా తాను దాన్ని రెండో ఆవిష్కరణ అనుకున్నానని కూడా చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

పెద్దావిడ చెయ్యెత్తింది. "ఒకటి రెండు కోతల్లో ఆలస్యం అయిందంటే నమ్ముతాను. అన్నిట్లో అంత క్రమంగా ఎలా జరిగింది?"

"నేను అంత క్రమంగా వెళ్ళానండీ. వెళ్ళి ఆవిడ పని ఆపాను."

"ఎందుకు?"

"నా దగ్గరో మొక్క ఉండేది. దానికి సలహా కోసం."

"ఇప్పుడెలా ఉంది మొక్క?"

"చచ్చిపోయిందండీ. మధ్యలోనే."

"మరి చచ్చాక ఎందుకెళ్ళారు?"

హాలంతా చెవులు రిక్కించింది. ప్రొఫెసర్ నుదురు పట్టుకున్నాడు. మేధావి స్లైడు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. ఇక చూడడానికి చోటు మిగలక వెనక గోడ వైపు చూశాడు.

"ఆవిడ తిడితే వినడానికండీ" అన్నాడు. "అలా తిట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. నాకిష్టం."

ఈసారి నవ్వు గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగి అతను అన్నాడు: "ఆవిడ తప్పేం లేదు సర్. నేను అడ్డం పడకపోతే రెండు ట్రేలూ పొద్దున్నే అయిపోయేవి. మొత్తం చెడగొట్టింది నేను."

"అబద్ధం సర్" అని వినిపించింది వెనక నుంచి.

తలలన్నీ తిరిగాయి. ఆమె గోడను వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం ఎప్పటి గొంతే.

"కత్తెర నా చేతిలోనే ఉంది సర్. మొక్కకి పొద్దు తెలుస్తుందని ఈయనకంటే నాకు బాగా తెలుసు. ఈయన పొమ్మంటే పోయే మనిషే." ఒక్క క్షణం ఆగింది. "నేనే పొమ్మనలేదు."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇక నా ప్రశ్నలు అయిపోయాయి" అంది.

ప్రొఫెసర్ చాలాసేపటికి తేరుకున్నాడు. "ఎక్స్‌పెరిమెంట్ మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి. రెండు ట్రేలూ ఒకే పూట కోయాలి. పొడిగింపు సంగతి కమిటీ చూస్తుంది, నేను మాటివ్వను. నువ్వు మాత్రం కోత రోజు బేస్‌మెంట్‌లో కనిపించావో, కమిటీ దాకా పోనవసరం లేదు, నేనే పంపించేస్తాను."

* * *

మెట్ల దగ్గర ఆమె అతని కోసం ఆగింది. ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. అంత చదువుకున్నారు పాపం.

"నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అంది.

"తెలివి లేదన్నదా?"

"అది కాదు. అది అలాగే ఉంది. రెండోది." ఆమె క్లిప్పు తీసి జుట్టు మళ్ళీ బిగించుకుంది. "అంతమంది ముందు ఎవరైనా అలా చెప్తారా? బుద్ధుందా నీకు?"

'నీకు' అన్నది. అతను మెట్టు మీద తూలబోయి, రెయిలింగు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది, అక్క.

"ఏమైందిరా? ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"తేలలేదక్కా."

"మరి గొంతులో ఆ సంబరమేంటి?"

చెప్పాడు. అటు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. అక్క ఫోన్లో మౌనంగా ఉండడం అతను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"నీ సోది మధ్యాహ్నం దాకా విని, పొమ్మనలేదా?"

"లేదట."

"కన్నవాళ్ళు, తోడబుట్టిన నేను, మావల్లే కాలేదు కదరా! ఫోను ఆ అమ్మాయికివ్వు."

ఇచ్చాడు. అక్క ఏం చెబుతోందో వినిపించలేదు. ఆమె వింటూ నవ్వింది, అతని వైపు జాలిగా ఒక చూపు చూసింది, తలూపింది. పేషెంట్లు లేని రోజు ఇంటికి రమ్మని కాబోలు, ఏదో ఒప్పుకుంటోంది.

"అలాగే వదినా" అంది ఆమె. ఫోను అతని చేతిలో పెట్టి మెట్లు దిగసాగింది.

పాతిక వేల జన్యువుల్లో ఎవరికెవరు ఏమవుతారో లెక్కలు కట్టిన మేధావి, ఆ ఒక్క పిలుపుతో తనకు ఆమె ఏమైందో తెలుసుకునేసరికి ఆమె బేస్‌మెంట్ దాకా వెళ్ళిపోయింది. అప్పుడు పరిగెత్తాడు.